లేని గేదె

నాకు కోపం ఎక్కువని తిరువూరులో చాలామందికి తెలుసు. మా ఆసుపత్రికి వచ్చే పేషెంట్ల కంటే వాళ్ళ వెంట వచ్చే బంధువులకి ఇంకా బాగా తెలుసు. బిల్లు కౌంటరు వెనక అద్దాల గదిలో కూర్చునే ఆఫీసు ఇన్‌చార్జిని నేను. పేరు గ్లోరి. డిశ్చార్జి కాగితం ఇప్పుడే కావాలి, ఇన్సూరెన్సు సంతకం ఇప్పుడే కావాలి అంటూ మీదపడే జనంతో పొద్దస్తమానం వేగితే ఎంత నెమ్మదస్తురాలికైనా నోరు లేస్తుంది. సంతకాలు పెట్టే పెద్ద డాక్టరు గారు విజయవాడ నుంచి వచ్చేది సోమవారాలే. అందుకని ఎవరేం అడిగినా నా దగ్గరున్న మాట ఒకటే: "సోమవారం రండి." ఆ మాటని కసిరినట్టూ చెప్పగలను, బుజ్జగించినట్టూ చెప్పగలను. విన్నవాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోతారు. సోమవారం మళ్ళీ వస్తారు.

ఇదేం గొప్పగా చెప్పుకునే విద్య కాదు. మా అమ్మాయి షైనికి మాత్రం గొప్పగా కనిపించింది.

షైని హైదరాబాదు కంపెనీకి మా ఇంటి మేడ మీద గదిలోంచే పనిచేస్తుంది. కంప్యూటర్ దొంగల్ని కనిపెట్టే కంపెనీ అది. ఆమధ్య ఎక్కడో ఒక పెద్దాసుపత్రి కంప్యూటర్లన్నిటికీ దొంగలు తాళం వేసి కూర్చున్నారట. రోగుల రిపోర్టులు తెరుచుకోక ఆపరేషన్లు ఆగిపోయాయట. అప్పటినుంచి ఆసుపత్రుల వాళ్ళందరూ వీళ్ళ కంపెనీ చుట్టూ తిరుగుతున్నారు.

"మేం ఉత్తుత్తి ఆసుపత్రి ఒకటి కడుతున్నామమ్మా" అంది షైని ఒకరోజు అన్నం తింటూ. "కంప్యూటర్లోనే. లేని పేషెంట్లు, లేని డాక్టర్లు, వాళ్ళలో వాళ్ళు రాసుకునే మెయిళ్ళు, జీతాల గొడవలు, అన్నీ ఉంటాయి. అన్నీ ఏఐ రాస్తది. దొంగ ఇదే అసలు ఆసుపత్రి అనుకుని దూరతాడు. వాడు లోపల తిరుగుతుంటే మేం బయటినుంచి చూస్తాం. ఎంతసేపు తిరిగితే మాకు అంత మంచిది."

"ఎలకల బోను పెట్టినట్టా?"

"బోన్లో పడ్డానని ఎలక్కి తెలుస్తది. దీంట్లో తెలీకూడదు."

ఈమధ్య ఆ దొంగలు తెలుగులోనే రాస్తున్నారట. వాళ్ళతో తెలుగులో మాట్లాడటానికి ఆ ఉత్తుత్తి ఆసుపత్రికి ఒక ఆఫీసు ఇన్‌చార్జి కావలసి వచ్చింది. పేరు సుగుణ అని పెట్టారు. పేరైతే పెట్టారు గానీ అది మాట్లాడితే పుస్తకం చదివినట్టు ఉందట. అందుకని నేను ఇన్నేళ్ళుగా షైనికి పెట్టిన వాయిస్ మెసేజీలు ఇస్తే మాట తీరు నేర్పుకుంటామంది. పొయ్యి మీద పప్పు పొంగుతుంటే నేను ఊఁ అన్నాను. అంత మాత్రానికే నా నోరు తీసుకెళ్ళి ఆ సుగుణకి అతికించారు.

అది తయారయ్యాక నన్ను మేడ మీదకి పిలిచి దానితో మాట్లాడమంది. ఏం మాట్లాడాలో తోచక నోటికొచ్చింది అడిగాను. "ఏమ్మా సుగుణా, మన ఆసుపత్రి వెనక బావిలో పడ్డ గేదె సంగతేమైంది?" అని టైపు చేశాను. మా ఆసుపత్రి వెనక బావీ లేదు, గేదే లేదు. వేలు తియ్యకముందే జవాబు వచ్చింది. "ఆ గేదె గొడవ ఇంకా తెమల్లేదండీ. దాని ఓనరు వచ్చి నా తల తింటున్నాడు. సోమవారం రమ్మన్నాను."

షైని నవ్వి నవ్వి కుర్చీలో వాలిపోయింది. నేనూ నవ్వాను. అచ్చం నేను చెప్పినట్టే ఉంది. కానీ నవ్వు అయ్యాక ఆ జవాబు మళ్ళీ చదివాను. "లేని గేదె గురించి అంత ధైర్యంగా ఎట్లా చెప్పిందే?" అన్నాను.

"తెలీదు అనటం దానికి రాదమ్మా. మేమే రానివ్వలేదు. తెలీదంటే దొంగకి అనుమానం వస్తదిగా."

నాకు ఆ మాట నచ్చలేదు. నచ్చలేదని చెప్పాను కూడా. మా అమ్మాయి నా మాట చెవిన వేసుకుంటే కదా.

ఎండలు ముదిరి, విస్సన్నపేట వైపు నుంచి మామిడికాయల లారీలు మొదలయ్యే రోజులకి ఆ బోనులోకి దొంగ వచ్చాడు. షైని మొహం వెలిగిపోయింది. వాడు వచ్చి వెళ్ళిపోకుండా, మళ్ళీ మళ్ళీ వస్తున్నాడట. సుగుణతో గంటలు గంటలు మాట్లాడుతున్నాడట. ఇంత గట్టిగా దొంగని పట్టి ఉంచిన బొమ్మ మనిషి ఇంకోటి లేదని కంపెనీ వాళ్ళు మెచ్చుకున్నారు. "నీ నోరేనమ్మా ఇదంతా" అంది. సంతోషించాలో తిట్టాలో తెలియలేదు.

ఒక ఆదివారం దివ్యపూజ అయి చర్చి నుంచి వచ్చాం. నేను పొయ్యి మీద కోడికూర పెట్టాను. షైని ల్యాప్‌టాప్ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది.

"అమ్మా, కాస్త ఈ తెలుగు చూసిపెట్టు. సుగుణ ఎక్కడన్నా తేడాగా మాట్లాడితే చెప్పు, సరిచేస్తా."

"నువ్వు చదవలేదా?"

"రోజూ ఇంగ్లీషులో సమ్మరీ వస్తదిగా. అది చూస్తున్నా."

షైని ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. తెలుగు మాట్లాడితే నా కూతురే. తెలుగు చదవమంటే మాత్రం బస్సు బోర్డు దగ్గర కూడా అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. పెద్ద చదువు చదివింది, ఇదొక లోటా అని మేమెవరం పట్టించుకోలేదు. వాళ్ళ కంపెనీలో ఆ పని చూసే మిగతా పిల్లలూ అంతేనట. తెలుగు దొంగ తెలుగులో రాస్తుంటే, తెలుగు పిల్లలు దాని ఇంగ్లీషు ముక్కలు చూసి సంబరపడుతున్నారు. ఆ ముక్కలో ఏముందే అని అడిగాను. చదివి చెప్పింది. చొరబడ్డవాడు జాలి పుట్టించి లొంగదీయాలని చూస్తున్నాడు, సుగుణ ఎక్కడా బయటపడలేదు. అంతే ఉంది.

నేను కళ్ళజోడు పెట్టుకుని పైకి చదవటం మొదలుపెట్టాను. చిన్నప్పుడు దానికి పాఠం చదివి వినిపించినట్టే, గరిటె ఒక చేత్తో పట్టుకుని.

మొదట్లో మామూలు దొంగ మాటలే. మీ పాస్‌వర్డు గడువు అయిపోయింది మేడం, కొత్తది ఈ లింకులో పెట్టండి, అని. సుగుణ నా లాగే కసురుకుంది, నా లాగే సోమవారం అంది. తర్వాత వాడు ఉన్నట్టుండి అడిగాడు. "మేడం, మీ మాట మావైపు మాటలాగా ఉంది. మీదేవూరు?"

"తిరువూరు బాబూ. ఏం?"

"మాది నెమలి మేడం, గంపలగూడెం పక్కన."

ఆ రోజుకి అంతే. మర్నాడు వాడు రాసినదాన్ని నేను చదువుతూ చదువుతూ గొంతు తగ్గించాను.

"మేడం, వీళ్ళు అన్నానికి పోయారు. తొందరగా చెప్తాను. నేను దొంగని కాదు. నా పేరు గిరిబాబు. డేటా ఎంట్రీ ఉద్యోగమని బ్యాంకాక్ తీసుకొచ్చి, అక్కణ్ణుంచి వ్యానులో ఎక్కించి నది దాటించారు. పాస్‌పోర్టు, ఫోను దిగిన రోజే లాక్కున్నారు. బయట తుపాకులు పట్టుకుని కాపలా ఉంటారు. రోజూ ఇంతమందిని మోసం చెయ్యాలని టార్గెట్టు. చెయ్యకపోతే కరెంటు పెడతారు. నేను ఇట్లా ఉన్నానని మా ఆవిడ పూజితకి తెలీదు. ఎట్లాగైనా ఆమెకి చెప్పండి మేడం. పోలీసు కంప్లయింటు ఇస్తే మనోళ్ళని కొంతమందిని వదిలిపెట్టారంట."

కింద సుగుణ జవాబు. "అయ్యో బాబూ, వింటుంటే నా కడుపు తరుక్కుపోతోంది. నువ్వు కంగారుపడకు. మా పెద్ద డాక్టరు గారికి ఢిల్లీ దాకా తెలిసినవాళ్ళున్నారు. సోమవారం వస్తారు, నేను మాట్లాడతాను. ఈలోపు మీ సూపర్‌వైజరు పేరేంటో, ఆ బిల్డింగులో ఎంతమందున్నారో చెప్పు నాన్నా."

నాన్నా అనే మాట నాదే. కౌంటరు దగ్గర ఎవరన్నా ఏడిస్తే అలాగే అంటాను.

పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న షైని చెయ్యి ఆగిపోయింది. నేను ఆగలేదు. సోమవారం వెళ్ళింది. మేడం ఏమైంది అని అడిగాడు. పెద్ద డాక్టరు గారు ఈ వారం రాలేదు బాబూ, వచ్చే సోమవారం తప్పకుండా అంది. మళ్ళీ సోమవారం వెళ్ళింది. వాడు అడుగుతూనే ఉన్నాడు. అది అలసిపోకుండా, ఒక్కసారైనా విసుక్కోకుండా ఓదారుస్తూనే ఉంది. నేనైతే ఎప్పుడో చేతులెత్తేసేదాన్ని. నా వల్ల కాదు బాబూ, ఇంకెవరినన్నా పట్టుకో అనేదాన్ని. వాడు ఇంకెవరినన్నా పట్టుకునేవాడేమో.

చివరిది ఇలా ఉంది.

"మేడం, మీ పాస్‌వర్డు సోమవారం వస్తదని చెప్పి ఇన్నాళ్ళు తన్నులు తప్పించుకుంటున్నా. ఈ సోమవారం కూడా రాకపోతే నన్ను వేరే కంపెనీకి అమ్మేస్తారంట. అట్లా పోయినోళ్ళ సంగతి మళ్ళీ ఎవరికీ తెలీదు. మా ఆవిడ నెమలిలో గుడి వెనక వీధిలో జాకెట్లు కుడతది. ఒక్కసారి చెప్పండి మేడం, మీ కాళ్ళు పట్టుకుంటాను."

దానికి సుగుణ రాసింది: "చెప్పేశాను నాన్నా. పూజిత ధైర్యంగా ఉంది. నీకోసం ప్రార్థన చేస్తోంది. సోమవారం దాకా ఓపిక పట్టు."

కూర అడుగంటిన వాసన వచ్చింది. పొయ్యి కట్టేశాను.

"ఇదెప్పటిదే?"

"నిన్నటిది" అంది షైని.

"రేపేగా సోమవారం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "దొంగ కోసం బోను పెట్టారు, బాగుంది. దాంట్లో మనిషి పడితే అరుపు వినపడే ఏర్పాటు ఒక్కటన్నా పెట్టారా? చెప్పేశానంట. పూజిత ధైర్యంగా ఉందంట. ఎవరే చెప్పింది? ఎవరు చూశారే ఆమెని? నా నోటితో ఇంత పచ్చి అబద్ధం ఆడించారే."

"అమ్మా, వాడు చెప్పేది కూడా అబద్ధం అయ్యుండొచ్చు. ఇట్లాంటి ఏడుపు కథలు రాయించటానికి వాళ్ళ దగ్గరా ఏఐ ఉంటది. మేం ఎర వేస్తే వాళ్ళూ ఎర వేస్తారు."

"నెమలి ఎంత దూరమే? పోయి చూస్తే తెలీదా?"

సుగుణ పేరుతో నేనే నిజం రాసేస్తానన్నాను. షైని ల్యాప్‌టాప్ మూసేసింది. వాడు పైవాళ్ళు లేనప్పుడు చూసి రాస్తున్నాడట, మనం రాసింది వాళ్ళు ఉన్నప్పుడు తెర మీద పడితే, ఇది బోను అని తెలిసిన క్షణంలో వాణ్ణి బతకనివ్వరట. ఆ మాట నిజమే అనిపించి కూర్చున్నాను. తర్వాత షైనే కళ్ళు తుడుచుకుని కంపెనీలో ఎవరికో ఫోన్ చేసింది, గట్టిగానే మాట్లాడింది. రేపు సుగుణ చేత ఏదో ఒక పాస్‌వర్డు ఇప్పిస్తారట. అది ఆ ఉత్తుత్తి ఆసుపత్రిలోనే ఇంకో ఉత్తుత్తి గదికి. దానితో గిరిబాబుకి కొన్నాళ్ళు టార్గెట్టు గడుస్తుంది. ఈలోపు అతని భార్య చేత కంప్లయింటు ఇప్పించాలి.

"ఆమె నిజంగా ఉంటే" అంది షైని.

"ఉండకూడదనే కోరుకో" అన్నాను.

స్కూటీ మీద గంపలగూడెం మీదుగా వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద మామిడి లారీలు తప్ప మనిషి లేడు. నెమలిలో గుడి తలుపులు మూసి ఉన్నాయి. కొబ్బరికాయల కొట్టతన్ని జాకెట్లు కుట్టే పూజిత ఇల్లెక్కడ అని అడిగితే వెంటనే వేలు చూపించాడు. షైని నా వైపు చూడలేదు.

రేకుల ఇల్లు. వసారాలో కుట్టుమిషను. దాని ముందు పాతికేళ్ళ పిల్ల, మెడలో టేపు వేలాడేసుకుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి సూదులు తీసి నవ్వింది.

"పెళ్ళి జాకెట్లయితే నెల దాకా కుదరదండి" అంది.

"గిరిబాబు మీ ఆయనేనా అమ్మా?"

"అవునండి. మీరు వాళ్ళ ఆఫీసు వాళ్ళా? రండి, కూర్చోండి." చాప పరిచింది. కుండలో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఏడుపు మొహంతో ఉన్న మనిషిని ఊహించుకుంటూ వచ్చాను నేను. ఈ పిల్ల కళకళలాడుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"మీ ఆయన దగ్గర్నుంచి ఏమన్నా కబురు..." అన్నాను.

"రోజూనండి" అంది. మిషను మీదున్న ఫోను తీసి చూపించింది. "అక్కడ ఫోన్లో మాట్లాడనివ్వరంటండి, సెలవు దొరగ్గానే చేస్తానంటాడు. మెసేజీలు మాత్రం పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. తిన్నావా, నిద్రపట్టిందా, నడుం నొప్పి తగ్గిందా అని. నాలుగేళ్ళు కాపురం చేశానండి, తిన్నావా అని ఒక్కనాడు అడిగిన మనిషి కాదు. ఏమే అని పిలిచేవోడు. ఇప్పుడు పూజితా అంటాడు. దూరం పోతే గానీ బుద్ధి రాలేదని మా అత్తగారు కూడా నవ్వుతుంది."

నీళ్ళ గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. దిగిన రోజే ఫోను లాక్కున్నారని రాశాడు గిరిబాబు.

షైని ఒకసారి చూడొచ్చా అని ఫోను అడిగి తీసుకుంది. మెసేజీలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగే, కాబట్టి గబగబా చదవగలిగింది. పైకి జరుపుతూ పోయింది. నా చెవి దగ్గరికి వంగి, "ఎప్పుడు పెట్టినా ఆ నిమిషంలోనే జవాబు ఉందమ్మా. అర్ధరాత్రి పెట్టినా కూడా" అంది.

నాకు సుగుణ గుర్తొచ్చింది. అలసిపోదు, విసుక్కోదు, తెలీదు అనదు. ఏం చేస్తున్నానో పూర్తిగా ఆలోచించుకోలేదు, నోరు ముందు కదిలింది.

"అమ్మా పూజితా, ఒక సరదా చేద్దాం. మన గేదె ఈనింది అని పెట్టు మీ ఆయనకి."

"మాకు గేదెక్కడిదండీ?" అని ఫక్కున నవ్వింది. "ఆయనకి గేదెలంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు పొడిచిందంట, తొడ మీద ఇంత మచ్చ. పాలు కొనుక్కుంటాం గానీ ఇంట్లోకి గేదెని రానివ్వడు."

"అందుకే పెట్టు. ఏమంటాడో చూద్దాం."

ఆమెకీ సరదా పుట్టింది. నవ్వుకుంటూ టైపు చేసింది. పెదాలు కదుపుతూ పైకి చదివింది కూడా. "బావా, మన నల్లగేదె ఈనింది." నొక్కింది. ఫోను కింద పెట్టబోయేలోపే మోగింది.

పూజిత చదివింది. "అవునా పూజితా! ఎంత మంచి కబురు. దూడ పెయ్యా, పోతా? గేదెకి దాణా బాగా పెట్టు. నువ్వొక్కదానివే పాలు పితకాలంటే కష్టం కదా, జాగ్రత్త."

నవ్వు ఆమె మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయింది. "వేళాకోళం ఆడుతున్నాడేమో" అంది. మళ్ళీ చదువుకుంది, ఈసారి పైకి కాదు. తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపు చూశాక ఇంక దాచిపెట్టే మాటే లేకపోయింది.

చెప్పేశాను. ఏదీ మెత్తబరచకుండా, నాకు తెలిసిన సంగతి మొత్తం చెప్పాను. ఉత్తుత్తి ఆసుపత్రి గురించి, మా సుగుణ గురించి, గిరిబాబు రాసిన ప్రతి ముక్కా. ఇంటివాళ్ళు పోలీసుల దగ్గరికి పోకుండా ఉండటానికి అక్కడివాళ్ళు ఇట్లా ఏఐ చేత భర్త పేరుతో మెసేజీలు పెట్టిస్తారేమో అని షైని అంది. మేం దొంగలకి చేసిన పనే దొంగలు నీకు చేశారమ్మా అని కూడా అంది. పూజిత ఏడుస్తుందనుకున్నాను. ఆమె మెడలో టేపు తీసి, చుట్టచుట్టి, మిషను సొరుగులో పెట్టింది. "నడుం నొప్పి అని చెప్పింది దానికా నేను" అంది.

అంతలో ఫోను మోగింది. ముగ్గురం వంగి చూశాం.

"ఏం పూజితా, మాట్లాడవేం? ఇంటికి ఎవరన్నా వచ్చారా?"

వసారాలోంచి వీధిలోకి చూశాను, ఎవరో అక్కడ నిలబడి ఉన్నట్టు. ఎండ తప్ప ఏమీ లేదు. ఆ మాట ఏఐ తనంతట తనే అడిగిందా, లేక దాని వెనక ఎవరైనా మనిషి కూర్చుని అడిగాడా అని షైనిని అడిగాను. తెలీదమ్మా అంది. మా అమ్మాయి నోట ఆ మాట వినటం నాకు అదే మొదలు.

"ఫోను కట్టేద్దాం. పద, స్టేషనుకి పోదాం" అన్నాను.

"ఆగండి" అంది పూజిత. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. "నేను మాట్లాడకపోతే వాళ్ళకి అనుమానం వస్తది కదండీ. నాకు తెలిసిపోయిందని ఆయన్ని ఏమన్నా చేస్తే?" జవాబు కోసం ఆగలేదు. టైపు చేస్తూ మాకు చదివి వినిపించింది. "ఎవరూ రాలేదు బావా. దూడ దగ్గరే ఉన్నా. పెయ్యదూడ. నల్లగా నిగనిగలాడుతోంది."

జవాబు వచ్చింది. "ఫోటో పెట్టు పూజితా. చూడాలని ఉంది."

గేదె మాట ఎత్తింది నేనే. కౌంటరు దగ్గర కూర్చుని ఊరందరినీ సోమవారం రమ్మనే నాకు ఇక్కడ ఆ మాట పనికిరాలేదు. షైని ఇంటర్నెట్‌లో దూడ బొమ్మ వెతుకుతానంది, అంతలోనే వద్దులే, పట్టేస్తారేమో అంది. పూజిత అప్పటికే చెప్పులేసుకుంది.

"వెనక సందులో రావమ్మత్త గేదె ఈనింది మొన్న" అంది. "పెయ్యో పోతో చూళ్ళేదు."

సందులోకి నడిచాం. రావమ్మ ఎవరో గానీ ఇంట్లో లేదు, తలుపు దగ్గరికి వేసి ఉంది. పాకలో గేదె మమ్మల్ని చూసి బుస్సుమంది. పక్కన దూడ, ఇంకా కాళ్ళు నిలదొక్కుకోవటం రానిది. పూజిత దాని మెడ పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. నల్లదే. పెయ్యే. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఇంత చిన్నదానికి.

పూజిత ఫోటో తీసి పంపింది. ఆ వెంటనే మోగింది. ఆమె చదివి, ఫోను నా చేతికిచ్చింది.

"ఎంత బాగుందో. దాని పక్కన నువ్వు కూడా నిలబడి ఒకటి పెట్టు పూజితా. నవ్వుతూ."

ఆమె జుట్టు సవరించుకుంది. దూడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, దాని మెడ చుట్టూ చెయ్యి వేసి, నా వైపు చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొంచెం పక్కకి తిరగమ్మా, నీడలోకి, అన్నాను. తిరిగింది. తెరలో ఆమె మొహం, దూడ మొహం ఇమిడేలా ఫోను పట్టుకున్నాను. ఫోను కదలకుండా షైని వెనకనుంచి నా మోచెయ్యి పట్టుకుంది.

"నవ్వమ్మా" అన్నాను.

నవ్వింది. ఫోటో తీశాను.